మోకాలెత్తున పూసిన తీగ

అడవి బస,
బుధవారం

వదినా,

ఇంటికి రావాల్సిన ఉత్తరం నీ ప్రెస్సుకి ఎందుకొచ్చిందా అని కంగారు పడకు. కాళ్ళ నిండా జలగలు పట్టిన మచ్చలు తప్పితే నేను రాయిలా ఉన్నా. అన్నయ్యకి అప్పుడే తెలియకూడదని, అంతే.

మూగతీగ మొగ్గ తొడిగింది.

మళ్ళీ చదువుకో. నేనూ మొన్నటినుంచి నాకు నేనే పదిసార్లు చెప్పుకున్నా.

నా ఉద్యోగం నీకు తెలిసిందేగా. గుర్తులు కట్టిన చెట్లూ తీగలూ నెలకోసారి చూసొచ్చి, ఆకెంత, పూతెంత, కాయెంత అని రాయడం. నాలుగేళ్ళుగా మూగతీగ ఎదురుగా మాత్రం ఒకే మాట రాస్తున్నా: ‘ఏమీ లేదు’. తొడంత లావు కాండం, నేలమీద పాములా పాకి, పెద్ద చెట్టెక్కి ఎక్కడో ఆకాశంలో ఆకులేస్తుంది. అందరూ మెడలు విరిగేలా పైకే చూశారు. పంతొమ్మిదేళ్ళ కింద అన్నయ్య ఒక్కడే, పూలు పైన కాదు, కింద ముదురు కాండం మీద మోకాలెత్తున వస్తాయన్నాడు. అందరూ నవ్వారు.

మొన్న బూటు లేసు కట్టుకుందామని కూర్చుని, ఎండాకులు పక్కకి నెట్టాను. కాండం మీద బఠాణీ గింజల్లాంటి బొడిపెలు. పురుగు కుట్టిన బుడిపెలనుకున్నా. భూతద్దం పెట్టి చూస్తే ఒకదానిమీదొకటి కప్పుకున్న పొలుసులు. లెక్కపెట్టా. ఇరవై మూడు.

అన్నయ్య పాత నోటుబుక్కులో ఆ పువ్వు బొమ్మ ఉంది కదా. ఆ పేజీ జిరాక్స్ తీయించి పంపవా? అడవి కాపలా కాసే వాచరు బాబాయి వారానికి రెండుసార్లు రోడ్డు దాకా దిగుతాడు, ఉత్తరాలు ఆయన చేతికే వస్తాయి.

ఎందుకు చెప్పొద్దంటున్నావని అడక్కు. పూయకుండా రాలిపోతే ఆయన ముఖం చూడలేను. ప్రస్తుతానికి ఆ కారణం చాలనుకో.

నీ ఆడపడుచు


ప్రెస్సు, ప్రూఫుల గది,
సోమవారం

మరదలా,

నీ ఉత్తరంలో ఆరు తప్పులు. ‘బొడిపెలు’ పక్క వాక్యంలోనే ‘బుడిపెలు’ చేశావు. ఇంత గొప్ప కబురు రాస్తూ ఆ ఒక్క మాటైనా సరిగ్గా రాయొద్దూ? అయినా చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్క బల్ల ఆవిడ ఫ్యాను ఆగిందా అని అడిగింది.

పేజీ ఇందులో పెట్టాను. ఆ నోటుబుక్కు మీ అన్నయ్య స్వెట్టర్ల అడుగున దాచుకుంటారు. ఆయన స్కూలుకెళ్ళాక తీసి, ఆయన రాకముందే పెట్టేశాను. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఇది నా మొదటి దొంగతనం.

మీ అన్నయ్య ఎలా ఉన్నారంటావా? మామూలే. ఎనిమిదో తరగతి పిల్లలకి చిక్కుడు గింజలు మొలకెత్తిస్తూ, వాటికంటే ముందు తనే మొలకెత్తేంత సంబరంగా ఉంటారు. కానీ పార్సిల్ ఆఫీసు వీధిలోకి మాత్రం ఇప్పటికీ అడుగుపెట్టరు. మార్కెట్టుకి చుట్టు తిరిగి వెళ్తారు. అడవి నుంచి పంపిన పూల నమూనా ఇంటికి చేరలేదనీ, ఆ గుమస్తా దొంగ సంతకం చూపించి అబద్ధమాడాడనీ నాకు ఎన్నిసార్లు చెప్పారో. ఆ నమూనా ఉంటే పువ్వు కాండానికి అంటుకునే కనబడేది, ఎవరూ నోరెత్తేవారు కాదు. అది లేకే కదా పరిశోధన వదిలేసింది.

ఇప్పుడు నేను దాచిన సంగతి ఒకటి. నెల రోజులుగా నా బల్లమీద ఒక పెద్ద వృక్షాల గ్రంథం ప్రూఫులున్నాయి. ఆనాడు నమూనా ఏదని మీ అన్నయ్యని ప్రశ్నలడిగిన పెద్ద ప్రొఫెసరుగారే రాశారు. నాలుగువందల పన్నెండో పేజీలో ఇలా ఉంది: ‘ఈ తీగ పూతను ఇంతవరకు ఎవరూ చూడలేదు. కాండం అడుగున పూలు చూసినట్టు ఒక యువ పరిశోధకుడు చెప్పినా, అది వేరే మొక్క పూలతో కలగలుపుకున్న పొరపాటు.’

మూడుసార్లు దిద్దాను. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. అదే నా బాధ. కామా మార్చే అధికారం ఉంది నాకు, మాట మార్చే అధికారం లేదు. రోజూ ఈ పేజీ చదివి ఇంటికెళ్ళి ఆయనకి కాఫీ కలిపిస్తున్నాను.

వచ్చే నెల ఇరవైన పుస్తకం అచ్చుకెళ్తుంది. నీ తీగని కాస్త త్వరపడమను.

వదిన


అడవి బస,
శుక్రవారం

వదినా,

ముందు లెక్క చెప్పేస్తా. తర్వాత చెప్పాల్సింది వేరే ఉంది.

ఇరవై ఆరో తేదీ: ఇరవై మూడు మొగ్గలు. బొమ్మతో పోల్చాను. పొలుసుల వరస సరిగ్గా అదే.
ఇరవై తొమ్మిదో తేదీ: ముళ్ళపంది వచ్చి నాలుగు కొరికేసింది. వాచరు బాబాయి దాన్ని ఏడు తరాల దాకా తిట్టి, చుట్టూ ముళ్ళకంప పాతాడు.
రెండో తేదీ: జోరువాన. రెండు రాలాయి. మిగిలినవి చింతగింజంత ఉన్నాయి, మొదళ్ళ దగ్గర కాస్త ఎరుపు దిగింది.

ఇక రెండోది. నీ ఉత్తరంలో ఆ పేజీ వాక్యం చదివాక నాకు అన్నం సయించడం లేదు.

వదినా, ఆ పార్సిల్ వచ్చింది.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. అడవిలో వానకి కాగితాలు ఆరడం లేదని అన్నయ్య పూలని అట్టల మధ్య పెట్టి, తాళ్ళతో బిగించి ఇంటికి పంపాడు. ‘పొట్టీ, రోజూ కాగితాలు మార్చు, ఒక్కరోజు కూడా మానకు’ అని చీటీ కూడా పెట్టాడు. మొదటి రోజు మార్చాను. రెండో రోజు స్నేహితురాళ్ళు సముద్రం చూడ్డానికి బయల్దేరదీశారు. ఒక్కరోజనుకున్నాం. నాలుగు రోజులైంది. వచ్చి విప్పితే నల్లటి బూజు. పువ్వేదో కాగితమేదో తెలియలేదు. చెత్తకుండీలో పారేసి, పార్సిల్ రాలేదన్నాను.

అన్నయ్య నన్ను వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకెళ్ళాడు. గుమస్తా పుస్తకం తీసి సంతకం చూపించాడు. హడావిడిగా గీకిన గీత అది. నాదే. అన్నయ్య దాన్ని పోల్చుకోలేదు. ‘దొంగ సంతకం!’ అని బల్ల గుద్దాడు. ఆ గుమస్తా నా వైపు చూశాడు. నేను గోడమీద క్యాలెండరు చూశాను.

కెమెరా లేదు, మళ్ళీ పూత రాలేదు, బొమ్మొక్కటే మిగిలింది. బొమ్మని ఎవరు నమ్ముతారు? అందుకే నేనీ ఉద్యోగంలో చేరాను. మొక్కలంటే ఇష్టమని అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు ఇష్టమేలే. కానీ వచ్చింది మాత్రం అందుకు కాదు.

ఏం చేయమంటావో చెప్పు.

నీ ఆడపడుచు


ప్రెస్సు,
బుధవారం

ఆడపడుచుగారికి,

ఉత్తరం అందింది.

ఏం చేయమంటావని నన్నడుగుతున్నావు. పదిహేనేళ్ళుగా నేను ఆ గుమస్తాని మీ అన్నయ్యతో కలిసి తిట్టాను. ముఖం తెలియని మనిషిని మా వంటింట్లో కూర్చుని దొంగని చేశాను. నువ్వు ఎన్నోసార్లు మా పక్కనే కూర్చుని విన్నావు. ఒకసారి వడ్డిస్తూ ఉన్నావు కూడా, నాకు బాగా గుర్తు.

ఈ సంగతి దాచే హక్కు నాకు లేదు. చెప్పే హక్కూ నాది కాదు. నువ్వే చెప్పాలి. పూసినా, రాలిపోయినా చెప్పాలి. పువ్వు చేతిలో పట్టుకుని క్షమించమంటే అది బేరమవుతుంది. పూయకముందే రాయి.

ప్రొఫెసరుగారు సంతకం పెట్టడానికి పద్దెనిమిదిన వస్తారు.

నీ ఉత్తరంలో ఈసారి తప్పులేమీ లేవు.


అడవి బస,
శనివారం

వదినా,

నువ్వన్నట్టే చేశాను. లోపల వేరే కవరుంది, అన్నయ్యకి. గురువారం రాశాను, అప్పటికి ఒక్క పువ్వూ విచ్చలేదు. తేదీ కూడా వేశాను. అంటించలేదు, నువ్వు చదివి ఇవ్వు.

పువ్వు నిన్న విచ్చింది. దాని గురించి ఆ ఉత్తరంలో ఒక్క ముక్క కలపలేదు. నీకు మాత్రం చెప్పకుండా ఉండలేను.

పొద్దున తొమ్మిది దాటాక వాచరు బాబాయి ‘పాపా, రా రా!’ అని కేకేశాడు. మెల్లగా వెళ్ళి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. అయిదు రేకులు, తోలులా మందం, బయట ఇటుక రంగు, లోపల లేత పసుపు మీద సన్నని గీతలు. ఎండాకుల మధ్య ముడుచుకుని, ఎవరో నేలమీద జారవిడిచిన బొత్తాంలా ఉంది. చూస్తుండగానే చిన్న పెంకుపురుగులు వచ్చి లోపలికి దూరాయి. బాబాయి ముప్పయ్యేళ్ళుగా ఆ పక్కనుంచే నడిచాడట. ‘ఎన్నిసార్లు తొక్కేసుంటానో’ అని తల పట్టుకున్నాడు.

ఫోటోలు తీశాను, ఒకటి ప్రింటు తీసి ఇందులో పెట్టాను. ఇవాళ ఇంకో నాలుగు విచ్చాయి. కాండం చెక్కతో సహా మూడు పూలు తీసి అట్టల్లో పెట్టాను. కాగితాలు అరగంటకోసారి చూస్తున్నాను. మార్చిందే మళ్ళీ మారుస్తున్నాను. బాబాయి నవ్వుతున్నాడు, నవ్వనీ.

నువ్వు జవాబు రాయకపోయినా సరే.

నీ ఆడపడుచు


(లోపలి కవరు)

అడవి బస,
గురువారం

అన్నయ్యా,

నువ్వు కూర్చుని చదువు.

నువ్వు పంపిన పూల పార్సిల్ ఆ రోజు ఇంటికి వచ్చింది. తీసుకున్నది నేను. సంతకం నాది. కాగితాలు నాలుగు రోజులు మార్చలేదు, సముద్రం చూడ్డానికి వెళ్ళాను. అంతా బూజు పట్టింది. పారేసి నీతో అబద్ధమాడాను. ఆ గుమస్తా నిజమే చెప్పాడు.

భయపడి ఆ రోజు చెప్పలేదు. మర్నాడు చెప్దామంటే నువ్వు అప్పటికే నన్ను వెంటబెట్టుకెళ్ళి అతనితో గొడవపడ్డావు. ఆ తర్వాత ప్రతి రోజూ, నిన్నటికంటే ఇవాళ చెప్పడం కష్టమైపోయింది.

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. నిజం నీకు తెలియాలని రాస్తున్నా.

పొట్టి


ఇల్లు,
మంగళవారం

మరదలా,

కోపంలో నీకు ‘గారు’ తగిలించాను. తీసేస్తున్నా.

నిన్న సాయంత్రం ఆయన స్కూలు నుంచి రాగానే కవరు చేతిలో పెట్టాను. కూర్చోమని నువ్వు రాసినా నిలబడే చదివారు. రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. ‘నీకు తెలుసా?’ అన్నారు. ‘వారం రోజులుగా’ అన్నాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

గంటన్నర. నేను బియ్యం కడిగి, మళ్ళీ కడిగి, గుమ్మంలో నిలబడ్డాను. వచ్చారు. ఎక్కడికెళ్ళారో చెప్పుకో చూద్దాం.

పార్సిల్ ఆఫీసుకి!

ఆ గుమస్తా ఇంకా అక్కడే ఉన్నాడట. ఇప్పుడు మేనేజరు. ఈయన ఎదురుగా నిలబడి, ‘పంతొమ్మిదేళ్ళ కింద మిమ్మల్ని దొంగన్నాను. తప్పు నాది, మావాళ్ళది. క్షమించండి’ అన్నారట. ఆయన కళ్ళజోడు పైకెత్తి బాగా చూసి, ‘రోజుకి పది మంది అరుస్తారు సార్, మీరెవరో గుర్తులేదు’ అన్నాడట! ‘అయినా వచ్చి తప్పన్నవాడు మీరొక్కరే’ అని కుర్చీ వేసి కూర్చోబెట్టాడట.

ఇది చెప్తూ మీ అన్నయ్య నవ్వడం మొదలెట్టారు. నవ్వుతూ నవ్వుతూ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

పువ్వు సంగతి అప్పుడు చెప్పాను. ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, ‘రేకు లోపల గీతలు నేను ఎక్కువ గీశాను’ అన్నారు. అంతే. నీ గురించి ఒక్క మాట లేదు.

ఇవాళ పొద్దున లేచేసరికి సంచీ సర్దుకుంటున్నారు. స్కూలుకి వారం రోజులు సెలవు పెట్టారట. ‘తిట్టడానికి వెళ్తున్నారా?’ అన్నాను. ‘ఇంకా తేల్చుకోలేదు. బస్సులో తేల్చుకుంటా’ అన్నారు.

ఈ ఉత్తరం ఆయన చేతే పంపుతున్నాను. కాబట్టి ఇది నీకందేసరికి ఆయన నీ గుమ్మంలో ఉంటారు. భయపడకు. స్వెట్టరు మర్చిపోయారు, చలేస్తే నీ దుప్పటి ఇవ్వు.

వదిన


అడవి బస,
గురువారం

ఏమోయ్ ప్రూఫుల మేడం,

క్షేమంగా చేరాను. మూడు జలగలు స్వాగతం పలికాయి.

బస్సులో తేల్చుకున్నానని చెప్పనా? గట్టిగా నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. వరసగా, పాఠం చెప్పినట్టు. ఇక్కడికొచ్చి చూస్తే పొట్టి బల్లమీద వంగి కాగితాలు మారుస్తోంది. మూడు పొయ్యిల దగ్గర ఆరబెట్టిన కాగితాలు. నన్ను చూసి లేవలేదు. ‘ఈ ఒక్కటీ మార్చేసి వస్తా అన్నయ్యా, ఆపితే బూజు పడుతుంది’ అంది. పని మాత్రం ఆపలేదు.

నా నాలుగు మాటలూ ఎటుపోయాయో. అవతలి కాగితం అందించాను. ఇద్దరం కలిసి మొత్తం మార్చాం. తర్వాత బయట అరుగు మీద కూర్చున్నాం.

‘అప్పుడే చెప్పుంటే ఏం చేసేవాడివి?’ అంది.

‘తిట్టేవాణ్ణి. వారం రోజులు మాట్లాడేవాణ్ణి కాదు. తర్వాత మర్చిపోయేవాణ్ణి. నువ్వు వారానికి భయపడి పంతొమ్మిదేళ్ళు తెచ్చుకున్నావే పిచ్చిదానా’ అన్నాను.

అప్పుడు ఏడ్చింది. నేనాపలేదు. ఏడిచి, మొహం కడుక్కుని, మధ్యాహ్నం ఒంటిగంటకి పడుకుని సాయంత్రం దాకా కదలకుండా నిద్రపోయింది. ఊపిరి ఆడుతోందో లేదోనని వాచరుగారు రెండుసార్లు వచ్చి చూశాడు.

నీకొక మాట చెప్పాలి. ఆ నమూనా చేరి ఉంటే నేనిప్పటికీ ఈ బురదలోనే తిరుగుతూ ఉండేవాణ్ణి. స్కూలుకి వెళ్ళిన రెండో ఏడుకే నాకు పిల్లలతోనే బాగుందని తెలిసింది. అయినా అడిగినవాళ్ళందరికీ పార్సిల్ కథే చెప్పాను. ఓడిపోయి వచ్చాననుకోవడం కంటే దోచుకోబడ్డాననుకోవడం హాయి. అంటే ఆ గుమస్తాకి నేను పడ్డ బాకీ కూడా ఒకటుంది. పొట్టితో ఈ మాట చెప్పాను.

కోపం పూర్తిగా పోయిందా అంటే, లేదు. మధ్యలో ఒక్కసారి గబుక్కున వస్తోంది. వచ్చినప్పుడల్లా వెళ్ళి పువ్వు చూసొస్తున్నా.

ఆరిన నమూనా ఒకటి, ఫోటోలు, పొట్టి రాసిన రోజువారీ లెక్క, అన్నీ కట్టకట్టి వాచరుగారి చేతికిస్తున్నాం. ఆయనే బస్సెక్కి నీ ప్రెస్సుకి తెస్తాడు. పార్సిల్ వేయలేదు. ఆఫీసుమీద అనుమానం కాదు, నా నమ్మకం ఇంకా అంత పెరగలేదు.

నీ ఆయన


ప్రెస్సు,
పద్దెనిమిదో తేదీ, మధ్యాహ్నం

ఇద్దరికీ కలిపి,

వాచరుగారు నిన్ననే వచ్చారు. దారిపొడవునా కట్టని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నారట, పక్కసీటు ఆవిడ పసిపిల్లనుకుందట.

ప్రొఫెసరుగారు పదకొండింటికి వచ్చారు. చేతికర్ర, కళ్ళజోడు మీద ఇంకో అద్దం. సంతకానికి పెన్ను తీశారు.

‘సార్, నాలుగువందల పన్నెండులో తప్పుంది’ అన్నాను.

‘అచ్చుతప్పా?’

‘కాదు సార్. విషయం తప్పు.’

మా మేనేజరు నన్ను చూసిన చూపు మీరు చూసుండాలి. నేను మాత్రం కట్ట విప్పి ఆయన ముందు పెట్టాను. అద్దం దించి చూశారు. చెక్కనీ పువ్వునీ కలిపే చోట సూదితో మెల్లగా కదిపి చూశారు, బంకతో అంటించామేమోనని. అరగంట. పొట్టి రాసిన లెక్క చదివారు, ముళ్ళపంది దగ్గర నవ్వారు.

‘ఎవరమ్మా చూసింది?’

‘మొదట మా ఆయన. ఇప్పుడు ఆయన చెల్లెలు’ అన్నాను. మొదటి నమూనా ఎలా పోయిందో కూడా దాచకుండా చెప్పాను.

ఆయనకి మీరు గుర్తున్నారండీ. మీ పేరు ఇంటి పేరుతో సహా చెప్పారు. ‘ఆ తర్వాత నేనూ ఆ అడవికి నాలుగుసార్లు వెళ్ళానమ్మా. నాలుగుసార్లూ పైకే చూశాను’ అన్నారు. పెన్ను తీసి ఆ వాక్యం మీద అడ్డంగా గీశారు. కొత్తది రాయడానికి కన్ను ఆనకపోతే, ‘నువ్వు రాయి’ అని నాకు చెప్పి రాయించారు. మీ ఇద్దరి పేర్లూ నా చేత్తో రాశాను. పొట్టి పేరు ముందు చెప్పారు, ‘కాదు సార్, వరస మారాలి’ అన్నాను, మార్చారు.

అచ్చుకి వెళ్ళిపోయింది. నేను బాత్రూంలోకెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను. పక్క బల్ల ఆవిడ మళ్ళీ ఫ్యాను గురించి అడిగింది.

ఇప్పుడు నా సంగతి. పదిహేనేళ్ళుగా బొమ్మలో చూశాను, నెల రోజులు అక్షరాల్లో దిద్దాను, ఇవాళ ఎండింది ముట్టుకున్నాను. బతికున్న పువ్వు మాత్రం చూడలేదు. ఎన్ని మిగిలాయని వాచరుగారిని అడిగితే, ఇంకా విచ్చనివి అయిదున్నాయి అన్నారు. మేనేజరుకి సెలవు చీటీ ఇచ్చాను. ఇవాళ కాదనే ధైర్యం ఆయనకి లేదు. ఈ ఉత్తరం వాచరుగారి చేతికి ఇస్తున్నా. వెనకాలే రేపు పొద్దున బస్సుకి నేను.

జలగలకి ఏం పూసుకోవాలో తెలియదు. రోడ్డు దగ్గర ఎవరో ఒకరు ఎదురు రండి. ఇద్దరూ వస్తే మరీ మంచిది.

మీ ఇద్దరి మనిషి